సెప్టెంబర్ 25: ఒక డ్రమ్మర్, ఒక గాయకుడు, ఇద్దరు కొడుకులు

తడ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశా. ఈ ఎపిసోడ్ అంతా ఒకే ఒక్క తేదీ మీద. సెప్టెంబర్ 25. రాక్ మ్యూజిక్ ఫ్యాన్స్ ఈ తేదీని మర్చిపోరు. మన తెలుగోళ్లమైతే అస్సలు మర్చిపోలేం.

ముందు 1980కి వెళ్దాం. ఇంగ్లండ్‌లో లెడ్ జెప్పెలిన్ అనే బ్యాండ్. ఉన్నది నలుగురే. పాడేది రాబర్ట్ ప్లాంట్, గిటార్ జిమ్మీ పేజ్, బేస్ జాన్ పాల్ జోన్స్, డ్రమ్స్ జాన్ బోనమ్. అమెరికా టూర్ కోసం రిహార్సల్స్ నడుస్తున్నాయి. ముందు రోజంతా బోనమ్ తాగుతూనే ఉన్నాడు. పెగ్గుల లెక్కలో 40 దాకా వోడ్కా అని తర్వాత విచారణలో తేలింది. రాత్రి పేజ్ ఇంట్లో పడుకోబెట్టారు. 25న వెళ్లి చూస్తే ప్రాణం లేదు. నిద్రలో వాంతి అయి, ఊపిరాడక పోయాడు. వయసు 32.

ఫ్రెండ్ తాగి పడిపోతే "పడుకుంటే దిగిపోతుందిలే" అని వదిలేస్తాం కదా? వదలొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఒకళ్లు దగ్గరే ఉండండి. లేపినా లేవకపోతే 108కి ఫోన్ చెయ్యండి.

డిసెంబర్ 4న మిగతా ముగ్గురూ ఇక కొనసాగలేమని ప్రకటించేశారు. ఇంకో డ్రమ్మర్ దొరకడా? దొరుకుతాడు. కానీ వాళ్ల పాట ఆ నలుగురూ కలిసి వాయిస్తేనే పుడుతుంది. 1971లో వచ్చిన ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ వినండి. ఓ పాత బంగ్లాలో మెట్ల కింద డ్రమ్స్ పెట్టి, పైనుంచి మైకులు వేలాడదీసి రికార్డ్ చేశారు. ఆ దెబ్బ బోనమ్‌దే.

ఇప్పుడు మన వైపు. అదే 1980 ఫిబ్రవరిలో ‘శంకరాభరణం’ వచ్చింది. తెర మీద సోమయాజులు గారు, గొంతు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారిది. ఇంజనీరింగ్‌కని అనంతపురం వెళ్లి, టైఫాయిడ్ వచ్చి మానేసిన మనిషి. బీటెక్ చదివి ఇటొచ్చిన నాలాంటోళ్లకి సూపర్ సీనియర్ అన్నమాట. 1966లో మొదటి పాట పాడారు.

బోనమ్ పోయిన సరిగ్గా 40 ఏళ్లకి, 2020 సెప్టెంబర్ 25న, చెన్నై ఆస్పత్రిలో బాలు గారు వెళ్లిపోయారు. కరోనాతో ఆగస్టు 5న చేరారు, మళ్లీ ఇంటికి రాలేదు. మర్నాడు తామరైపాక్కంలోని ఆయన ఫామ్‌హౌస్‌లో అంత్యక్రియలు జరిగాయి. మన తడ దాటగానే మొదలయ్యే తిరువళ్లూరు జిల్లాలోనే ఉందది.

ఇక కొడుకుల సంగతి. 2007 డిసెంబర్ 10న లండన్‌లో లెడ్ జెప్పెలిన్ ఒక్క రాత్రి కోసం కలిసింది. డ్రమ్స్ మీద బోనమ్ కొడుకు జేసన్. ఆ తర్వాత మళ్లీ కలవలేదు. ఇక్కడ ఈటీవీ ‘పాడుతా తీయగా’లో బాలు గారి కుర్చీలో ఆయన కొడుకు చరణ్ గారు కూర్చున్నారు. షో నడుస్తోంది.

అక్కడ ఆపడం, ఇక్కడ నడపడం. నాకు రెండూ కరెక్టే అనిపిస్తాయి. ఆ బ్యాండ్ ఆ నలుగురిది. ‘పాడుతా తీయగా’ బాలు గారు 1996లో మొదలుపెట్టిందే కొత్త గొంతుల కోసం. అది ఆగితేనే ఆయనకి అన్యాయం.

మీరేమంటారు? కామెంట్స్‌లో చెప్పండి. ఉంటా మరి.