టాటానగర్ నుంచి చిలికాకు: పడవ ఎక్కేముందు వేసుకోవలసిన లెక్కలు

జంషెడ్‌పూర్‌కి బదిలీ అయిందని చెప్పగానే బంధువులు అడిగే మొదటి ప్రశ్న ఎండల గురించి, రెండోది టాటా స్టీలు గురించి. సముద్రం ఎంత దూరమని ఎవరూ అడగరు. కానీ సోనారి పక్కన దోముహాని దగ్గర ఖర్కాయిని కలుపుకొని పారే సువర్ణరేఖ చివరికి ఒడిశా తీరంలో బంగాళాఖాతంలోనే కలుస్తుంది. ఆ తీరం వెంట కాస్త దక్షిణానికి వెళితే ఉప్పునీటి మొసళ్ళు తిరిగే మడ అడవుల దీవులున్నాయి. ఇంకాస్త కిందికి వెళితే డాల్ఫిన్లు ఈదే చిలికా సరస్సు, వలస పక్షులు దిగే నలబణ దీవి ఉన్నాయి. టాటానగర్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఆ దరిదాపుల్లో ఉంటాం.

నేను ఇక్కడికి వచ్చి మూడేళ్ళయింది. రెండు శీతాకాలాల్లో రెండు చోట్లకూ వెళ్ళి వచ్చాం. నేను, మా వారు, ఇద్దరు పిల్లలు, శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మా నాన్నా. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, అమ్మకి షుగరు. ఫొటోలు చూసిన స్నేహితులు అందరూ ఒకటే అడిగారు: ఎలా వెళ్ళారు, ఎంతైంది, పెద్దవాళ్ళతో వీలవుతుందా అని. అందరికీ కలిపి ఇక్కడ చెబుతున్నాను.

మొసళ్ళా, డాల్ఫిన్లా?

ముందు తేల్చుకోవలసింది ఇదే. రెండూ ఒకే సెలవులో పెట్టుకుంటే సగం కాలం రోడ్డు మీదే గడిచిపోతుంది.

భితర్‌కనిక మనకు దగ్గర. భద్రక్‌లో రైలు దిగి, సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని చాంద్‌బాలీకి వెళ్ళి అక్కడ పడవ ఎక్కవచ్చు. ఖోలా, గుప్తీ గ్రామాల నుంచి కూడా పడవలున్నాయి. 1975లో ఇక్కడ ఉప్పునీటి మొసళ్ళ సంరక్షణ మొదలుపెట్టినప్పుడు వంద కూడా లేవు. దంగమాల్‌లో గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచి ఏళ్ళ తరబడి నదుల్లో వదిలారు. ఇటీవలి లెక్కల్లో 1,700 దాటాయి. ఇక్కడ ఆట అంతా పోటుపాట్లదే. పాటు సమయంలో నీళ్ళు దిగి బురద గట్లు బయటపడితేనే మొసళ్ళు ఎండ కాచుకోవడానికి పైకొస్తాయి. పోటు మీద వెళితే గట్లు మునిగి ఉంటాయి, చెట్లు చూసి తిరిగి రావాలి. కాబట్టి పడవ ఎన్నింటికి అని కాదు, ఆ రోజు పాటు ఎన్నింటికి అని అడగాలి. మొసళ్ళు గూళ్ళు పెట్టే మే 1 నుంచి జులై 31 వరకు పర్యాటకులను రానివ్వరు. వేసవి సెలవులకని అనుకునేవాళ్ళు ఈ తేదీలు గుర్తుంచుకోవాలి.

చిలికా కాస్త దూరం. కానీ పెద్దవాళ్ళకి సుఖం. పూరీ జగన్నాథుడి దర్శనం కలిసొస్తుంది, బసలు ఎక్కువ, పడవ ప్రయాణం కావలసినంత చిన్నది చేసుకోవచ్చు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి, అందులోనూ అమ్మా నాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళకి నేను చిలికానే చెబుతాను.

సరస్సు తేరుకున్న కథ

చిలికా పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల్లో పరుచుకున్న ఉప్పునీటి సరస్సు. వేసవిలో 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100 పైన ఉంటుంది. ఇంత పెద్దదైనా చాలా చోట్ల మనిషి లోతు మించదు. 1981లో మన దేశం నుంచి రామ్‌సర్ జాబితాకెక్కిన మొదటి చిత్తడి నేలల్లో ఇదొకటి. తర్వాత కష్టకాలం వచ్చింది. నదులు తెచ్చిన మట్టితో సముద్రానికి దారి పూడుకుపోయింది. ఉప్పు తగ్గింది, కలుపు పెరిగింది, చేపలు పడిపోయాయి. 1993లో దీన్ని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికలో చేర్చారు. 2000 సెప్టెంబరులో చిలికా అభివృద్ధి సంస్థ సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వించింది. ఉప్పునీరు మళ్ళీ లోపలికి వచ్చింది, చేపలు పెరిగాయి. 2002లో ఆ పట్టిక నుంచి సరస్సు పేరు తీసేశారు. మన భాషలో చెప్పాలంటే, మొండి బకాయి అనుకున్న ఖాతా మళ్ళీ స్టాండర్డ్ అయిందన్నమాట.

ఆ ముఖద్వారానికి దగ్గరలోని సాతపడా వైపే ఇరావదీ డాల్ఫిన్లు తిరుగుతాయి. పేరు బర్మా నదిదైనా, శాస్త్రానికి దీన్ని పరిచయం చేసింది మన విశాఖే. 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన ఒక డాల్ఫిన్ ఆధారంగా రిచర్డ్ ఓవెన్ 1866లో ఈ జాతిని వర్ణించాడు. ఈ మాట పడవలో చెబితే నాన్నగారు, "అయితే ఇది మన జిల్లాలవైపుదేనే" అని తేల్చేశారు.

సెలవు ఎప్పుడు?

పక్షులకైతే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. వానాకాలంలో మునిగిపోయే నలబణ దీవి నీళ్ళు తగ్గాక పైకి తేలుతుంది. పట్టీతల బాతులు, సూదితోక బాతులు, ఫ్లెమింగోలు అప్పుడు దిగుతాయి. ప్రతి జనవరిలో జరిగే లెక్కింపులో సరస్సు మొత్తం మీద పది లక్షలకు పైగా పక్షులు తేలిన ఏళ్ళు ఈ మధ్య వరసగా ఉన్నాయి. సూళ్ళూరుపేట, నేలపట్టు చూసినవాళ్ళకి ఈ దృశ్యం కొత్త కాదు, కానీ పరిమాణం కొత్త. డాల్ఫిన్లు వలస వెళ్ళవు, ఏడాదంతా అక్కడే ఉంటాయి.

ఇప్పుడు మన క్యాలెండరు చూద్దాం. డిసెంబరు చివరి వారం క్వార్టర్ క్లోజింగ్, ఆ సెలవు మేనేజరుగారిని అడగనే వద్దు. ఫిబ్రవరి దాటితే మార్చి. మిగిలేది డిసెంబరు మొదటి పక్షం, లేదా జనవరి. రెండో శనివారమో నాలుగో శనివారమో ఆదివారంతో కలిసేలా చూసుకుని రెండు రోజులు సెలవు పెడితే నాలుగు రోజులొస్తాయి. సంక్రాంతికి ఊరెళ్ళే శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి ఇంకో సుళువుంది. చిలికా ఒడ్డునున్న బాలుగావ్ స్టేషను హౌరా–చెన్నై లైను మీదే ఉంది. చిలికా చూసుకుని అక్కణ్ణించి బరంపురం, పలాస మీదుగా ఇంటికి దిగిపోవచ్చు. సంక్రాంతి రోజు మాత్రం సరస్సులో ఉండకండి. ఆ రోజు కాలీజాయి అమ్మవారి దీవికి జనం పోటెత్తుతారు, పడవ దొరకడమే కష్టం.

రైలు, బస

టాటానగర్ నుంచి పూరీకి పురుషోత్తమ్, నీలాచల్, ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్‌లున్నాయి. ఇవన్నీ ఎక్కడో ఉత్తరాన బయలుదేరి వచ్చేవి, శీతాకాలపు మంచులో ఆలస్యం మామూలే. అందుకని రైలు దిగిన ఉదయమే పడవ పెట్టుకోవద్దు. మొదటి రోజు పూరీలో దర్శనం, విశ్రాంతి. రెండో రోజు తెల్లవారుజామున కారులో సుమారు 50 కిలోమీటర్ల సాతపడాకు వెళ్ళి డాల్ఫిన్లు. మూడో రోజు ఖుర్దా మీదుగా బాలుగావ్ పక్కనున్న బరకూల్‌కి. అక్కడా, రంభలోనూ ఒడిశా పర్యాటక సంస్థ పాంథనివాస్‌లున్నాయి. శీతాకాలం వారాంతాలు తొందరగా నిండిపోతాయి కాబట్టి రైలు టికెట్ తీసుకున్న రోజే గదీ తీసుకోండి. నాలుగో రోజు బరకూల్ నుంచి ఉదయమే నలబణ, కాలీజాయి. అభయారణ్యంలో పడవ ఎంతవరకు వెళ్ళవచ్చో అటవీశాఖ వాళ్ళ మాటే వినాలి, పడవవాళ్ళ మాట కాదు.

పడవ ఎప్పుడూ ఉదయమే. ఎండెక్కేకొద్దీ గాలి లేచి సరస్సు మధ్యలో అలలు పెరుగుతాయి. పక్షులు చురుగ్గా ఉండేదీ పొద్దుటే.

రేవులో అడగవలసిన ప్రశ్నలు

అప్పు ఇచ్చేముందు మనం ఎన్ని ప్రశ్నలు వేస్తామో, పడవ ఎక్కేముందు అన్నీ వేయాలి. మా వారు దీన్ని "పడవ కేవైసీ" అంటారు.

ఎన్ని గంటలు, ఏయే చోట్లు ఆగుతుంది, మొత్తం ఎంత? ధర పడవకా, మనిషికా? కౌంటరు దగ్గర ధరల బోర్డు ఉంటే ఫొటో తీసుకోండి, రసీదు అడగండి. పడవలో ఎంతమందిని ఎక్కించవచ్చు, ఎంతమందిని ఎక్కిస్తున్నారు? పైకప్పు ఉందా? ఇంజను ఆగిపోతే తెడ్డో గెడకర్రో ఉందా? ఫోను పనిచేస్తుందా?

లైఫ్ జాకెట్లు మనిషికొకటి ఉన్నాయా అన్నది ఆఖరి ప్రశ్న కాదు, మొదటిది. పిల్లలకి పిల్లల సైజే ఉండాలి. పెద్దల జాకెట్ పిల్లాడికి వేస్తే నీళ్ళలో అది పైకి జారిపోతుంది, వాడు కిందికి జారిపోతాడు. సాతపడాలో మాకు మొదట చూపిన పడవలో పిల్లల జాకెట్లు లేవు. అవి ఉన్న పడవ కోసం ముప్పావుగంట ఆగాం. "నీళ్ళు నడుము లోతే కదమ్మా, నాకెందుకు ఇది" అని నాన్నగారు జాకెట్ పక్కన పెట్టబోయారు. "మీరు వేసుకోకపోతే మీ మనవడూ వేసుకోడు నాన్నా" అన్నాను. మారుమాట లేకుండా వేసుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళని ఒప్పించడానికి ఇంతకంటే మంచి వాదన నాకు దొరకలేదు.

చిన్న పడవల్లో బాత్రూములుండవు. పెద్దవాళ్ళతో రెండు గంటల ప్రయాణం చాలు. షుగరున్నవాళ్ళ కోసం బిస్కెట్లు, అరటిపళ్ళు చేతి సంచిలో ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు జెట్టీ మెట్లున్న చోటే ఎక్కాలి, ఒకరు ముందు దిగి చెయ్యి అందించాలి. చలికాలమైనా నీళ్ళ మీద ఎండ దెబ్బ తగులుతుంది. టోపీ, మంచినీళ్ళు, పొద్దుటి చలిగాలికి శాలువా ఉంచుకోండి.

సాతపడా వైపు కొన్ని దీవుల్లో పడవ ఆపగానే ఎవరో ఒకరు ఆల్చిప్ప పగలగొట్టి ముత్యం తీసి చూపిస్తారు. తళతళలాడుతుంది. నగల మీద అప్పులిచ్చే మనం అక్కడ మోసపోతే బాగుండదు. నవ్వి ముందుకు నడవండి. డబ్బాల్లో పెట్టి చూపించే ఎర్ర పీతలకు కూడా డబ్బులివ్వకండి. మనం డబ్బులిస్తే రేపు ఇంకో నాలుగు పట్టుకొస్తారు.

డాల్ఫిన్‌ని తరమకండి

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. చిలికాలో ఉన్న ఇరావదీ డాల్ఫిన్లు మొత్తం 150 చిల్లర. ఇవి సినిమాల్లోలా గాలిలోకి ఎగరవు. గుండ్రటి తల, పొట్టి రెక్క, ఊపిరి కోసం పైకొచ్చి ఒకటి రెండు క్షణాల్లో మునిగిపోతాయి. ఇది తెలియక వెళ్ళినవాళ్ళు "ఇంతేనా, ఇంకా దగ్గరికి పోనీ" అంటారు. పడవవాడు ఇంజను పెంచుతాడు. పక్క పడవా వస్తుంది, దాని వెనక ఇంకోటి. లోతు తక్కువ నీళ్ళలో డాల్ఫిన్ తప్పించుకోవడానికి కిందికి పోయే చోటుండదు. ఇంజను చప్పుడు దానికి వేట కష్టం చేస్తుంది, రెక్కలు తగిలితే గాయమవుతుంది. తల్లీ పిల్లా విడిపోతాయి. నూటయాభైలో ఒక్కటి పోయినా అది చిన్న లెక్క కాదు.

ఇందులో పడవవాణ్ణి ఒక్కణ్ణే అనడం సరికాదు. దగ్గరగా చూపిస్తే బక్షీసు, చూపించకపోతే చీవాట్లు. మనం దేనికి డబ్బులిస్తే అతను అదే చేస్తాడు. ప్రోత్సాహకం ఎటుంటే పని అటు నడుస్తుందని మన బ్రాంచీల్లో అందరికీ తెలుసు. అందుకని ఎక్కేముందే చెప్పాను: "భయ్యా, తరమొద్దు. దూరంగా ఇంజను ఆపెయ్, డాల్ఫిన్ కనపడినా కనపడకపోయినా బక్షీసు ఇస్తాను." అతను ఒకసారి నావైపు చూసి తలూపాడు.

ముఖద్వారం దగ్గర నాలుగైదు పడవలు ఒకచోట మూగి ఉంటే, మావాడు వాటిని వదిలి పక్కకు తీసుకెళ్ళి ఇంజను ఆపాడు. పది నిమిషాలు ఏమీ లేదు. పిల్లలు గోల మొదలుపెట్టారు. తర్వాత కుడివైపు 'ఫూ' అని ఊపిరి వదిలిన చప్పుడు. ఇంజను నడుస్తుంటే అది వినపడేదే కాదు. బూడిదరంగు వీపు ఒకటి, దాని వెంట చిన్నది ఇంకొకటి. మూడుసార్లు లేచి వెళ్ళిపోయాయి. ఫొటో ఒక్కటీ సరిగ్గా రాలేదు. మా పాప మాత్రం ఆ 'ఫూ'ని ఇప్పటికీ అనుకరించి చూపిస్తుంది. ఒప్పుకున్న బక్షీసు ఇచ్చాం. మమ్మల్ని దింపి తర్వాతి బేరం మాట్లాడుకుంటూ అతను వాళ్ళకీ "ఇంజను ఆపితేనే బాగా కనబడతాయి సాబ్" అని చెబుతున్నాడు.

పక్షులకీ ఇదే వర్తిస్తుంది. గుంపు మొత్తం ఒక్కసారి లేస్తే ఫొటో బాగుంటుందని చప్పట్లు కొట్టేవాళ్ళుంటారు. పట్టీతల బాతులు హిమాలయాలు దాటి వస్తాయి. తిరుగు ప్రయాణానికి కూడబెట్టుకుంటున్న కొవ్వును మన సరదా కోసం ఖర్చు పెట్టించడం న్యాయం కాదు. బైనాక్యులర్లు ఒకటి కొనుక్కోండి. దల్మా కొండల్లోనూ, డిమ్నా చెరువు దగ్గరా పనికొస్తాయి.

ఇక భాష సంగతి. హిందీ అంతటా చెల్లుతుంది. పైగా ఒడిశా తీరంలో తెలుగు మాట్లాడే జాలర్లున్నారు, వాళ్ళని నోలియాలంటారు. పూరీ పెంటకోట బస్తీలో చాలావరకు వాళ్ళే. అక్కడ చేపల దగ్గర అమ్మ బేరమాడిన తెలుగు వింటే మన ఊళ్ళోనే ఉన్నట్టనిపించింది.

వచ్చే శీతాకాలానికి వెళ్ళదలచినవాళ్ళు ఇప్పుడే క్యాలెండరులో శనివారాలు చూసుకోండి, టికెట్లు బుకింగ్ తెరిచిన రోజే తీసుకోండి. టికెట్లు, రసీదులు దాచుకోండని మన బ్యాంకువాళ్ళకి చెప్పనక్కర్లేదు. బక్షీసు కోసం చిల్లర నోట్లు మాత్రం విడిగా పెట్టుకోండి. రేవులో అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేవి అవే.