స్కోన్ చల్లారకముందే

ఈమధ్య హైదరాబాదులో ఆఫీసు సమావేశాల పిలుపుల్లో, పుస్తకావిష్కరణ కార్డుల్లో చివరి పంక్తిగా ‘హై టీ’ అని కనిపిస్తోంది. ఆ మాట వినగానే మూడంతస్తుల పళ్ళేలు, చిట్టిచిట్టి కేకులు, దొరల ఇంటి మర్యాదలు మన కళ్ళముందు మెదులుతాయి. కానీ ఆ మాట పుట్టిన బ్రిటన్‌లో దాని అర్థం వేరు. ఉత్తర ఇంగ్లండులో, స్కాట్లండులో మిల్లు పనో గని పనో ముగించుకుని ఇల్లు చేరిన కార్మికుడు సాయంత్రం అయిదారు గంటల మధ్య కడుపునిండా తినే భోజనం హై టీ. చల్లారిన మాంసం ముక్కలు, బ్రెడ్డు, చీజు, పక్కన చిక్కటి టీ. ఎత్తయిన భోజనాల బల్ల దగ్గర కూర్చుని తింటారు గనుక ఆ పేరొచ్చిందని చెబుతారు. మనం ఊహించుకునే నాజూకు పలహారం పేరు ఆఫ్టర్‌నూన్ టీ. సోఫాల ముందుండే పొట్టి బల్లల మీద నడిచేది కాబట్టి దాన్ని లో టీ అని కూడా అనేవారు.

పేరు దగ్గరే ఇంతసేపు ఆగడానికి కారణం ఉంది. ఇది బాగా ఉన్నవాళ్ళ వ్యవహారమన్న అపోహ అక్కణ్ణించే మొదలవుతుంది. అలా అనుకుని మనవాళ్ళలో కొందరు లండన్ వచ్చినప్పుడు పెద్ద హోటల్లో ఒక్క పూటకు బోలెడు డబ్బు పోసి వస్తారు. మిగతావాళ్ళు మనకెందుకులే అని ఆ ఊసే ఎత్తరు. కొన్నేళ్ళుగా బ్రిటన్‌లో ఉంటూ చర్చి హాలు టీ నుంచి పెద్ద హోటల్ టీ దాకా అన్నీ చూశాక నాకు ఒకటి బాగా తెలిసొచ్చింది. ధర పెరిగేకొద్దీ మనం ఎక్కువిచ్చేది గదికి, కుర్చీకి, వడ్డనకి. టీ పక్కన పెట్టే స్కోన్ రుచి మాత్రం అది పొయ్యి దిగి ఎంతసేపయిందన్న దాన్నిబట్టే ఉంటుంది.

ఈ అలవాటుకు ఆద్యురాలిగా చెప్పుకునేది బెడ్‌ఫర్డ్ ఏడవ డచెస్ అన్నా మరియాని. 1840 ప్రాంతపు మాట. అప్పటికి పెద్దిళ్ళలో రాత్రి భోజనం ఎనిమిదింటి దాకా జరిగిపోయింది. మధ్యాహ్నం తినేది పేరుకే. నాలుగయ్యేసరికి నీరసం వచ్చేది. ఆవిడ తన గదికే టీ, బ్రెడ్డు, వెన్న తెప్పించుకోవడం మొదలుపెట్టి, తర్వాత స్నేహితురాళ్ళను కూడా పిలిచేదట. విక్టోరియా రాణి కొలువులో మెలిగిన మనిషి కావడంతో ఆ ముచ్చట ఇంటింటికీ పాకింది. డచెస్ ఒక్కతే కనిపెట్టిందని నేననుకోను. సాయంత్రం నాలుగింటి ఆకలి ఒకళ్ళకే వేసేది కాదు. ఆవిడ చేసిందల్లా ఆ ఆకలికి ఒక మర్యాద తేవడం.

టీ అంతకు ముందే అందరికీ అందుబాటులోకి వచ్చింది. 1784లో ప్రభుత్వం టీ మీది సుంకాన్ని 119 శాతం నుంచి పన్నెండున్నర శాతానికి ఒక్కసారిగా దించేసింది. దొంగ రవాణా దెబ్బతింది, ధర పడిపోయింది. ఆ తర్వాత చైనా టీ స్థానంలోకి మన దేశపు టీ వచ్చింది. 1839లో అస్సాం టీ ఎనిమిది పెట్టెలు లండన్‌లో తొలిసారి వేలానికి వెళ్ళాయి. అర్ధ శతాబ్దం తిరక్కుండానే, 1888 నాటికి, బ్రిటన్ దిగుమతుల్లో చైనా టీని భారతదేశపు టీ దాటేసింది. ఆ తోటల్లో ఆకు కోసినవాళ్ళలో గంజాం, విశాఖ మన్యాల నుంచి వెళ్ళినవాళ్ళున్నారు. అస్సాం తేయాకు తోటల ఊళ్ళలో వాళ్ళ సంతతి ఇప్పటికీ ఉంది. ఆ కప్పులో కలిసే పంచదార కోసం కోరంగి వంటి రేవుల నుంచి తెలుగువాళ్ళు ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకు వెళ్ళారు. బంగారు అంచు కప్పును చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ఆ ఓడలు గుర్తొస్తాయి. టీ తాగడం మానను, వాళ్ళని మరిచిపోయి మాత్రం తాగలేను.

ఇక పలహారం సంగతి. సంప్రదాయం ప్రకారం మూడు వరసలు. కింది పళ్ళెంలో వేలెడంత వెడల్పున కోసిన సాండ్‌విచ్‌లు. అంచులు తీసేసిన బ్రెడ్డు, వెన్న, కాగితమంత పల్చని కీరా ముక్కలు. ఇంకా గుడ్డు, చేప, హామ్ రకాలు. మధ్యలో స్కోన్లు, పైన కేకులు. కింది నుంచి పైకి తింటూ పోవాలి. వేడి తగ్గకూడదని కొన్నిచోట్ల స్కోన్లను విడిగా, గుడ్డలో చుట్టి తెస్తారు. అలా తెచ్చారంటే ఆ వంటింటికి పని తెలుసునన్నమాట.

మొత్తం టీకి ప్రాణం స్కోనే. మైదా, కాస్త వెన్న, పాలు, పిండిని పొంగించే బేకింగ్ పౌడరు. ఇంతే. బిస్కెట్టంత గట్టిగా ఉండదు, కేకంత మెత్తగానూ ఉండదు. బాగా వచ్చిన స్కోన్‌కు నడుం దగ్గర చుట్టూ ఒక పగులు ఉంటుంది. కత్తి పెట్టనక్కర్లేదు. రెండు బొటనవేళ్ళూ ఆ పగులు మీద ఉంచి మెల్లగా విడదీస్తే రెండు చిప్పలుగా విడిపోతుంది. లోపల పొరలు పొరలుగా, తెల్లగా, ఆవిరి ఇంకా పోకుండా ఉంటే మీరు సరైన చోటికి వచ్చినట్టే. పొద్దున కాల్చింది సాయంత్రానికి పొడిబారుతుంది. మర్నాటికి ఇక గొంతు దిగదు.

ఆ చిప్పల మీద వేసుకునేది క్లాటెడ్ క్రీమ్. వెన్న తీయని చిక్కటి పాలను సన్నని సెగ మీద గంటల తరబడి ఉంచి, కదపకుండా చల్లారనిస్తే పైకి తేలి గడ్డకట్టే మీగడ అది. పైపొర లేత బంగారు రంగులో ఉంటుంది. కార్నిష్ క్లాటెడ్ క్రీమ్ అన్న పేరుకు 1998 నుంచి చట్టరక్షణ ఉంది; అందులో కనీసం 55 శాతం కొవ్వు ఉండి తీరాలి. డెవన్‌వాళ్ళు ముందు మీగడ రాసి పైన జామ్ వేస్తారు. కార్న్‌వాల్‌వాళ్ళు ముందు జామ్ వేసి పైన మీగడ పెడతారు. రెండు జిల్లాలవాళ్ళూ ఈ విషయంలో ఒక్క మెట్టు దిగరు. వేడి స్కోన్ మీద మీగడ ముందు పడితే కరిగి జారిపోతుంది కాబట్టి నా ఓటు కార్న్‌వాల్‌కే. అసలు స్కోన్, జామ్, మీగడ, ఒక కుండెడు టీ, ఇంతవరకే అయితే దాని పేరు క్రీమ్ టీ. కొంచెం డబ్బుతో ముచ్చట తీరాలనుకునేవాళ్ళు మొట్టమొదట గుర్తుపెట్టుకోవలసిన మాట అది.

పెద్ద హోటళ్ళ విషయానికొస్తే, లండన్‌లో ఇప్పుడు తలకు డెబ్భై, ఎనభై పౌండ్లు, కొన్నిచోట్ల అంతకు పైమాటే. ఎనభై పౌండ్లంటే మన లెక్కలో తొమ్మిది వేల రూపాయల చుట్టుపక్కల. దీనిమీద సర్వీసు ఛార్జీ పన్నెండున్నర శాతం పడుతుందేమో ముందే చూసుకోవాలి. 1906లో తెరిచిన రిట్జ్ హోటల్లో పామ్ కోర్ట్ అనే హాలు ఈ టీకి పెట్టింది పేరు. గిరాకీ ఎంతంటే, పేరుకు మధ్యాహ్నపు టీ అయినా ఉదయం పదకొండున్నరకే మొదటి పంక్తి కూర్చుంటుంది. మగవాళ్ళకు కోటు, టై ఉండాలి, జీన్సు పనికిరాదు. 1865 నాటి లాంగమ్ హోటల్, ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణం పై అంతస్తులోని టీ సెలూన్ కూడా ఇదే తూకానివి.

అంత డబ్బూ దండగ అని నేననను. అమ్మానాన్నల షష్టిపూర్తికో, పిల్లల పట్టా పండగకో ఒక్కసారి వెళ్ళి తీరాలి. అద్దాల గోడలు, పియానో, అడక్కుండానే కుండలో నిండే వేడినీళ్ళు, రెండు గంటలపాటు మనల్ని అతిథుల్లా చూసుకునే మనుషులు, ఇవన్నీ ఆ డబ్బులో ఉన్నాయి. సాండ్‌విచ్‌లు అయిపోతే చాలాచోట్ల మళ్ళీ తెస్తారు. మిగిలిన కేకులు అడిగితే డబ్బాలో పెట్టిస్తారు. మొహమాటపడకూడదు. ఒకసారి ఒక పేరున్న హోటల్లో మాకు చల్లటి స్కోన్లు వచ్చాయి. నడిమి భాగం ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది. పక్కవాళ్ళేమనుకుంటారో అని తినేసి లేచాం. ఆ రోజు నోరు విప్పి ఉంటే వేడివి తెచ్చిచ్చేవారు. ఆ తర్వాత ఎక్కడైనా అడగడం నేర్చుకున్నాను, ఎవరూ కాదనలేదు.

శాకాహారులు బుక్ చేసేటప్పుడే చెప్పాలి. సాండ్‌విచ్‌ల సంగతి అందరికీ తెలుసు గాని, పై పళ్ళెంలోని మూస్, జెల్లీల్లో ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉండొచ్చని చాలామందికి తట్టదు. స్కోన్ పైన మెరుపు కోసం గుడ్డు పూస్తారు. పట్టింపు బాగా ఉన్నవాళ్ళకు ఇంకో సంగతి: బోన్ చైనా కప్పుల్లో ఆ పేరు చెప్పినట్టే, కాల్చిన ఎముకల బూడిద దాదాపు సగం ఉంటుంది. ఆ పల్చదనం, ఆ తెలుపు దానివల్లే.

హోటళ్ళకన్నా నాకు టీ రూములంటే మమకారం. వాటి వెనక ఆడవాళ్ళ కథ ఉంది. విక్టోరియా కాలపు నగరంలో మర్యాదస్తురాలైన స్త్రీ ఒంటరిగా వెళ్ళి కూర్చోగల చోటు దాదాపుగా లేదు. మద్యశాలకు వెళ్ళకూడదు, క్లబ్బులు మగవాళ్ళవి. 1864లో ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీ లండన్‌లో టీ దుకాణం తెరిచింది. 1894లో లయన్స్ సంస్థ పికడిల్లీలో మొదలుపెట్టింది. కొద్ది పెన్నీలకు టీ, బన్ను, శుభ్రమైన బల్ల, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి. బజారుకొచ్చిన ఇల్లాలు, ఆఫీసులో టైపు చేసే అమ్మాయి తోడు లేకుండా వచ్చి కూర్చోగలిగారు. ఓటు హక్కు కోసం పోరాడిన స్త్రీలు ఇలాంటి గదుల్లోనే కలుసుకుని మాట్లాడుకున్నారు. గ్లాస్గోలో కేట్ క్రాన్‌స్టన్ అనే వ్యాపారవేత్త 1903లో తెరిచిన విల్లో టీ రూమ్స్‌కు గోడల నుంచి కుర్చీల దాకా రూపమిచ్చింది చార్లెస్ రెనీ మాకింటాష్. మరమ్మతులయ్యాక 2018 నుంచి అక్కడ మళ్ళీ టీ దొరుకుతోంది. యార్క్‌షైర్‌లోని హారోగేట్‌లో ఒక స్విస్ మిఠాయి పనివాడు 1919లో పెట్టిన బెట్టీస్ ముందు ఇవాళ్టికీ వరస కడతారు. నిలబడే ఓపిక లేకపోతే పొద్దున్నే వెళ్ళాలి. నిండు టీ ఖరీదెక్కువ అనిపిస్తే ‘ఫ్యాట్ రాస్కల్’ అనే వాళ్ళ గుండ్రని పండ్ల బన్ను ఒకటి, ఒక టీ తీసుకున్నా సరిపోతుంది.

ఇంకా తక్కువలో అయితే లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం నా మొదటి సలహా. ప్రవేశం ఉచితం. ప్రపంచంలో ఒక మ్యూజియంలో పెట్టిన తొలి భోజనశాల అదే. అందులో ఒక గదిని విలియం మోరిస్ సంస్థ అలంకరించింది. స్కోన్, టీ పళ్ళెంలో పెట్టుకుని అక్కడి పింగాణీ స్తంభాల మధ్య కూర్చుంటే ఏ హోటలూ గుర్తురాదు. పల్లె వైపు వెళితే నేషనల్ ట్రస్ట్ కాపాడే పాత బంగళాలున్నాయి. వాటి గుర్రపుసాలల్లో నడిచే టీ గదుల్లో క్రీమ్ టీ సాధారణంగా పది పౌండ్లు దాటదు.

అన్నిటికన్నా చవకది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం తోటలు తెరిచే రోజున దొరికే టీ. 1927లో మొదలైన నేషనల్ గార్డెన్ స్కీమ్ కింద సొంత తోట ఉన్నవాళ్ళు ఏడాదిలో ఒకటి రెండు రోజులు గేటు తీసి, అందరినీ రానిచ్చి, వచ్చిన డబ్బు నర్సుల సంస్థలకు, ఆరోగ్య సేవలకు ఇస్తారు. మొదటి ఏడు 609 తోటలు, మనిషికో షిల్లింగు. చాలాచోట్ల ఊరి ఆడవాళ్ళు ఇంట్లో చేసిన కేకులు, స్కోన్లు తెచ్చి బల్ల వేస్తారు.

పోయిన ఏడు జూన్‌లో మా పిన్ని కొవ్వూరు నుంచి వచ్చినప్పుడు అలాంటి ఒక తోటకు తీసుకెళ్ళాను. వాన పడటంతో టీ బల్లలు పక్కనే ఉన్న చర్చి హాల్లోకి మార్చారు. మడత కుర్చీలు, పూల దుప్పటి పరిచిన బల్ల, ఒకదానికొకటి జతకాని కప్పులు. పిన్ని చెంచాతో క్రీమ్ తీసి ముందు వాసన చూసింది, తర్వాత నాలిక్కి రాసుకుంది.

“ఏమే, ఇది మన దాలి మీగడ కాదూ? వీళ్ళకీ దాలి ఉందా?”

దాలిలో పిడకల సెగ మీద పొద్దస్తమానం కాగిన పాల మీద కట్టే ఆ ఎర్రటి మీగడను నేను చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో తిన్నాను. ఇన్నేళ్ళుగా క్లాటెడ్ క్రీమ్ తింటున్నా నాకు ఆ పోలిక తట్టలేదు. టీ పోస్తున్న పెద్దావిడకు పిన్ని మాట ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ చెయ్యి ఆపి విన్నది. తమది డెవన్ అనీ, చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ రాత్రంతా పాలగిన్నెను పొయ్యి అంచున ఉంచేదనీ చెప్పింది. పిన్నికి సగం అర్థమైంది, తలూపింది. జామ్ జోలికి పోకుండా వేడి స్కోన్ మీద మీగడ మాత్రం దట్టంగా రాసుకుని తిన్నది. మేం లేచేసరికి ఆవిడ మిగిలిన రెండు స్కోన్లు కాగితంలో చుట్టి పిన్ని చేతిలో పెట్టి, రేపటికి ఉంచకుండా ఇవాళే తినెయ్యమని నా చేత చెప్పించింది. బస్‌స్టాపు చేరేలోపే పిన్ని పొట్లం విప్పింది.