సముద్రం దాటిన ఉత్తరాంధ్ర యాస

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లోని 3,80,581 మందిలో దాదాపు 13 శాతం, అంటే సుమారు 50 వేల మంది, తెలుగును మాతృభాషగా నమోదు చేసుకున్నారు. బెంగాలీ, హిందీ, తమిళం తరవాతి స్థానం తెలుగుదే. వీరిలో అత్యధికులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి చేపల వేటకో, కూలి పనులకో, చిన్న వ్యాపారాలకో ఓడెక్కి వచ్చినవారూ వారి సంతానమూ కావడం వల్ల, ఇక్కడ తెలుగంటే ప్రధానంగా ఉత్తరాంధ్ర తెలుగే. తెలుగు సినిమా చాలాకాలం హాస్యపాత్రలకూ పనివాళ్ళ పాత్రలకూ కేటాయించిన ఆ యాస దీవుల్లోని తెలుగువారిలో అత్యధికుల వాడుక కనుక, యాస పట్ల చులకన భాషలో పుడుతుందా, సంఘంలో పుడుతుందా అన్న పాత ప్రశ్నను పరిశీలించడానికి ఇంతకంటె అనువైన చోటు దొరకదు.

ఒక ప్రాంతానికో, ఒక వర్గానికో ప్రత్యేకమైన భాషారూపాన్ని మాండలికం అంటారు. 1962లో తొలి సంపుటం వెలువడిన మాండలిక వృత్తి పదకోశానికి సారథ్యం వహించిన భద్రిరాజు కృష్ణమూర్తి, తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా విభజించి ఉత్తరాంధ్రను పూర్వమండలంగా పేర్కొన్నారు. పత్రికలకూ పాఠ్యపుస్తకాలకూ ఆధారమైన ప్రామాణిక భాష మాత్రం కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలతో కూడిన మధ్యమండలంలోని చదువుకున్న వర్గాల మాటల నుంచి రూపుదిద్దుకుంది. అచ్చుయంత్రాలు, పత్రికలు, ఆ తరవాత సినిమా పెట్టుబడులు ఎక్కువగా ఆ వర్గాల చేతుల్లో ఉండడమే దీనికి కారణం తప్ప, ఆ మాటల్లో ప్రత్యేకమైన శుద్ధి ఏదీ లేదు. "ఏమిటి" అన్న మాట కుదించుకుపోయి "ఏంటి" అయితే టీవీ యాంకర్ల నోటికి కూడా తగినదవుతుంది. అదే మాట మరికాస్త కుదించుకుని "ఏటి" అయితే మోటుదనిపించుకుంటుంది. "బేగి", "సెప్పు", "ఎల్లిపోనాడు" వంటి మాటల మీద పడే నవ్వూ ఇలాంటిదే. పైగా శ్రీకాకుళంలోనే చదువుకున్న కుటుంబాలు తమ పిల్లలు "సెప్పు" అంటే వెంటనే దిద్దుతాయి కాబట్టి, బయటివారు ప్రాంతీయ యాసగా వెక్కిరించేదానిలో చాలాభాగం నిజానికి కులాన్నీ వర్గాన్నీ పట్టించే గుర్తు.

గ్రాంథికాన్ని ఎదిరించి వాడుకభాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీకాకుళం ప్రాంతపు పర్వతాలపేటలో. ఆయన ఉద్యమం గెలిచిన తరవాత పీఠమెక్కింది "శిష్ట" వ్యావహారికం, అంటే పెద్దలుగా చలామణీ అయ్యేవారి వాడుక. ఆయన సొంతగడ్డ మీది జాలరి, రైతుకూలీ మాట్లాడేది మాత్రం గుమ్మం బయటే నిలిచిపోయింది.

వినేవారు మాటను బట్టి మనిషిని ఎలా తూకం వేస్తారో కెనడా మనోవైజ్ఞానికుడు వాలెస్ లాంబర్ట్, ఆయన సహచరులు 1960లో మాంట్రియల్‌లో చూపించారు. రెండు భాషలూ ధారాళంగా వచ్చిన మనుషుల చేత ఒకే పాఠాన్ని ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ చదివించి, గొంతులు ఒకరివేనని చెప్పకుండా వినిపిస్తే, శ్రోతలు ఇంగ్లీషు గొంతుకే ఎక్కువ తెలివితేటలను ఆపాదించారు; ఫ్రెంచివారు కూడా తమ భాషను తక్కువ చేయడం అందులోని అసలు విశేషం. శ్రీకాకుళం ఇంట్లో బిడ్డ మాటను దిద్దే తల్లిదండ్రులు చేస్తున్నదీ అదే.

దీవుల్లో తెలుగు యాసల మధ్య ఉన్న ఈ హెచ్చుతగ్గుల మెట్ల వరుసకు బలం తక్కువ, ఎందుకంటే పైమెట్టు మీద కూర్చోవలసిన మధ్యమండలపు వర్గం ఇక్కడ పెద్దగా లేదు. ఆ స్థానాన్ని హిందుస్తానీ ఎప్పుడో ఆక్రమించింది. 1858లో బ్రిటిష్‌వారు పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) శిక్షావాసాన్ని నెలకొల్పినప్పుడు దేశం నలుమూలల నుంచి ఖైదీలు వచ్చారు. తరవాతి కాలంలో అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర వంటి తెలుగువారూ ద్వీపాంతర శిక్ష అనుభవించారు. శిక్షావాసాన్ని ఒకప్పుడు పాలించిన ఆర్. సి. టెంపుల్ ఇక్కడి హిందుస్తానీని వర్ణిస్తూ, ఖైదీలు దాన్ని రోజువారీ అవసరాలకూ ఆజ్ఞలు అర్థం చేసుకోవడానికీ సరిపోయినంత మేరకు నేర్చుకుంటారని రాశాడు. ఆజ్ఞ ఇచ్చేవాడి భాషను ఆజ్ఞ పాటించేవాడు నేర్చుకోవడం అన్న ఆ ఏర్పాటులోనే మాటకూ అధికారానికీ ఉన్న ముడి బయటపడుతుంది. 1942 మార్చిలో జపాన్ సేనలు దిగకముందు నుంచీ ఇక్కడున్న కుటుంబాలు, "లోకల్ బార్న్" అని పిలిపించుకునేవారు, ఆ హిందుస్తానీనే ఇంటిభాషగా చేసుకున్నారు.

ఈ ద్వీపాల హిందీ కూడా ఢిల్లీ చెవికి యాసే. వస్తువులకు స్త్రీపుంలింగాలు అంటగట్టే అలవాటు తెలుగులో లేదు గనుక తెలుగువాడి హిందీలో క్రియలు తడబడడం సహజమే అయినా, 1968 నాటి "పడోసన్"లో మెహమూద్ పాత్ర మొదలుకొని హిందీ సినిమాకు దక్షిణాదివాడి హిందీ నవ్వుల సరుకుగానే మిగిలింది. ఇంకా కిందిమెట్టు మీద ఆదివాసుల భాషలున్నాయి: బో భాష తెలిసిన చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించేనాటికి, ఆమె మాట అర్థమయ్యేవారు లేక, చుట్టుపక్కలవారితో అండమాన్ హిందీలోనే మాట్లాడవలసి వచ్చింది.

శాసనసభ లేని ఈ కేంద్రపాలిత ప్రాంతంలో పాలన సాగేది హిందీ, ఇంగ్లీషుల్లో. ప్రభుత్వ దినపత్రికలైన "డైలీ టెలిగ్రామ్స్", "ద్వీప్ సమాచార్" కూడా ఆ రెండు భాషలవే. కాబట్టి శ్రీ విజయపురంలోని జంగ్లీఘాట్ జాలరి తన యాసకు సిగ్గుపడనక్కరలేకపోయినా, పడవకో ఇంటిస్థలానికో అర్జీ పెట్టుకోవాలంటే ఆ భాషలు వచ్చినవారి సాయం తీసుకోక తప్పదు. తెలుగు మాధ్యమ బడులున్నాయి గానీ, వాటి పుస్తకాల్లోని తెలుగు అతని పిల్లలు ఇంట్లో వినే తెలుగు కాదు. బజారులోనూ స్నేహాల్లోనూ హిందుస్తానీ మాట్లాడుతూ పెరిగే కొత్త తరానికి ఆ రెండు తెలుగుల్లో ఏదీ గట్టిగా నిలుస్తుందన్న భరోసా లేదు. మాండలిక వృత్తి పదకోశం తరహాలో ఈ దీవుల జాలర్ల, కూలీల మాటలను సేకరించే పనికి తెలుగు విశ్వవిద్యాలయాలు పూనుకోవాలి. ఓడెక్కి వచ్చిన తరం పెద్దలు ఉండగానే ఆ పని మొదలుకావాలి.