బాలింత నిద్ర, బిడ్డ మెలకువ

కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతములలో తొలికాన్పునకు తల్లిగారింటికి వచ్చిన కూతురు, మూడవ నెలలోనో ఐదవ నెలలోనో, పసిబిడ్డతో అత్తగారింటికి మరలిపోవుట వాడుక. అంతవరకు నడిరేయి బిడ్డ కేరుమన్నచో లేచి యెత్తుకొనుటకు కన్నతల్లి ప్రక్కనే యుండును. అత్తవారింట ఆ చేయి కరవగును. దానికి తోడు సరిగా ఆ నెలలలోనే, నాలుగవ నెల ప్రాంతమున, శిశువు నిద్రయొక్క స్వరూపమే మారి, అంతకుముందు రాత్రికి రెండు మూడు మారులు లేచెడి బిడ్డ నాలుగైదు మారులు లేవ నారంభించుట కలదు. ఇరుగుపొరుగువారు ఈ రెండు సంగతులను కలిపి ముడివేసి, క్షణములో తీర్పు చెప్పివేయుదురు: "పాలు సాల్తలేవు గావచ్చు, డబ్బపాలు తాపుండ్రి." ఆ తీర్పు చాలవరకు తప్పు.

తల్లిపాలలో మాంసకృత్తులు నూటికి సుమారు ఒక వంతు మాత్రమే. ఆవుపాలలో మూడు వంతులకు పైబడి యుండును. కావున తల్లిపాలు తేలికగా అరిగి, గంటన్నర రెండు గంటలలో శిశూదరమును విడిచిపోవును. పుట్టిన తొలినాడు బిడ్డ ఒక్కొక్కమారు కుడుచునది సుమారు ఒక చెంచాడు పాలు మాత్రమే. అట్టి బిడ్డ ఇరువది నాలుగు గంటలలో 8 నుండి 12 పర్యాయములు పాలు కుడుచుట సహజము. వానిలో మూడు నాలుగు రాత్రివేళ పడక తప్పదు. పగలు, రాత్రి అను భేదమును తెలిపెడి మెలటోనిన్ అను రసము శిశుదేహమున స్వయముగా క్రమబద్ధమగుటకు సుమారు మూడు నెలలు పట్టును. అందాక తల్లి రాత్రివేళ నిచ్చు పాలలోనే ఆ రసము కొంత యుండి, బిడ్డకు చేరుచుండును.

ఇంకొక రహస్యము కలదు. పాలను పుట్టించు ప్రొలాక్టిన్ అను రసము తల్లి రక్తమున రాత్రివేళనే అధికముగా నుండును. బిడ్డ ఎంత కుడిచిన, రొమ్ము ఎంత ఖాళీయైన, అంతగా మరల పాలు ఊరును. రాత్రి డబ్బపాలు పట్టించి బిడ్డను పండబెట్టిన యింట, రొమ్ముకు పని తగ్గి, నెల తిరుగకముందే పాలు నిజముగా తరుగును, అప్పుడు ఇరుగుపొరుగువారు, "మేము ముందే చెప్పలేదా!" యందురు. వారి మాటయే వారి మాటను నిజము చేసినదని ఎవ్వరును గ్రహింపరు. డబ్బపాల ప్రకటనలను మన దేశము 1992 నాటి చట్టముచే నిషేధించినది గాని, అరుగుమీది ప్రకటనను ఏ చట్టము నిషేధింపగలదు?

పాలు చాలుచున్నవో లేవో తెలిసికొనుటకు ఏడుపు కొలత కాదు. తొలివారము గడచిన పిదప దినమునకు ఆరు పర్యాయములకు తక్కువ గాకుండ మూత్రము పోయుచు, రెండు వారములలో పుట్టుబరువును మరల చేరుకొని, అటుపై క్రమముగా బరువు పెరుగుచున్న బిడ్డకు పాలు చాలుచున్నట్లే. ఆసుపత్రి కాన్పయినచో ఆశా కార్యకర్త 42 దినములలో ఆరుమారులు ఇంటికి వచ్చి చూడవలసి యున్నది. ఆ తరువాత అంగన్‌వాడీలో తూకము వేయింపవచ్చును. అట్లుగాక, బిడ్డ పాలు పట్టక మందకొడిగా పడియున్నను, మూత్రము తగ్గినను, మూడు నెలలలోపు బిడ్డకు జ్వరముతో ఒళ్లు కాలినను, దిష్టి తీయుచు కూర్చుండక, కరీంనగరమున మాతాశిశు ఆసుపత్రికో, ఆదిలాబాదున రిమ్స్‌కో, 108 పిలిచి వెంటనే తీసికొనిపోవలెను.

నిద్ర పట్టించుటకై మనవారు చేయు చికిత్సలలో కొన్ని నిరపాయములు, కొన్ని ప్రాణాంతకములు. సాయంకాలము నూనె రాచి, కాళ్లపై పండబెట్టుకొని, గోరువెచ్చని నీళ్లు పోసి, తొట్టెలలో వేసి ఊపు పద్ధతి మేలైనది. ఆ పిమ్మట మూసిన గదిలో పట్టించు సాంబ్రాణి పొగ మేలైనది కాదు. తేనె నాకించుట ఏడాది నిండువరకు కూడదు. అందుండగల యొక సూక్ష్మజీవి శిశువునకు విషమగును. వీధివీధి తిరుగువారు అమ్మెడి గాడిదపాలును, అంగడి గ్రైపువాటరును అనవసరములు. రామగుండమున ఎండ 45 డిగ్రీలకు ఎక్కినప్పుడు సైతము ఆరునెలలలోపు బిడ్డకు మంచినీళ్లు అక్కరలేదు. తల్లిపాలలో నూటికి 88 వంతులు నీరే. ఒకప్పుడు బొంబాయి మిల్లు కూలీలలో, తల్లులు పనికి పోవునప్పుడు పసిపిల్లలకు నల్లమందు పెట్టి మత్తులో ఉంచుట ఎంత వ్యాపించి యుండెననగా, 1931 నాటి రాయల్ కార్మిక కమిషన్ నివేదిక దానిని ప్రస్తావింపవలసి వచ్చినది. కరీంనగరం నుండి బతుకుతెరువునకై వేలాది నేతకుటుంబములు వలసపోయిన నగరమది. నేడు నల్లమందు లేదు గాని, వైద్యుని అడుగక జలుబుమందు పోసి పిల్లను నిద్రపుచ్చు తలంపు దాని చెల్లెలే.

మెలకువను మాన్పలేము, దాని బరువును తగ్గింపవచ్చును. తల్లి పక్కకు తిరిగి పండుకొని పాలిచ్చుట నేర్చినచో లేచి కూర్చుండు శ్రమ సగము తప్పును. కాని ఎచ్చట పండుకొనవలెనన్నది ముఖ్యము. నులక మంచము తల్లి బరువునకు నడుమ క్రుంగును. బిడ్డ ఆ గుంటలోనికి దొర్లి, తల్లి ఒంటికి నొక్కుకొని, ఊపిరాడక పోవచ్చును. అంతకంటె నేలపై చాపవేసి, గట్టిబొంత పరచి, దిండ్లు, మందపు దుప్పట్లు బిడ్డ దరి చేరనీయక, వెల్లకిల పండబెట్టి, దోమతెర దించుకొనుట క్షేమము. బీడీ త్రాగినవారును, కల్లు త్రాగినవారును బిడ్డ పక్కన పండుకొనరాదు. ఆదిలాబాదు అడవులలో పుష్య మాఘములందు ఎముకలు కొరుకు చలి; అట్లని మూసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టుకొని నిద్రించుట, వాసన లేని విషవాయువును పిలిచి పండబెట్టుకొనుటయే యగును.

కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములలో బాలింత పగలెల్ల ఒడిలో చేట పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టును. పొగాకు దుమ్ము వ్రేళ్లకు, రవికకు పట్టియుండును. పాలియ్యబోవుటకు ముందు చేతులు కడిగికొని, పైబట్ట మార్చుకొనుట అవశ్యము. ఆ యిండ్లలో పెక్కింటి మగవారు గల్ఫులో నుందురు. నడిరేయి ఫోనులో మాట్లాడు భర్త బిడ్డను ఎత్తుకొనలేడు. కావుననే అత్తయు, ఆడుబిడ్డయు ఆ చేతి పని అందుకొనవలసి యున్నది. 2015 జనవరి 1 నుండి ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద బాలింతకు అంగన్‌వాడీలో ఒకపూట భోజనమును, గ్రుడ్డును, 200 మిల్లీలీటర్ల పాలును ఇచ్చుచున్నారు. తిండి పెట్టుటకు ప్రభుత్వము కలదు, నిద్ర పెట్టుటకు ఇంటివారే దిక్కు. కాన్పయిన రెండు వారములు దాటినను దుఃఖము వీడక, బిడ్డ నిద్రించినప్పుడు సైతము తనకు కునుకు పట్టని బాలింతను చూచి "బద్ధకము" అనరాదు. అది వ్యాధి కావచ్చును. 14416 అను టెలిమానస్ మానసికారోగ్య సహాయ సంఖ్యకు ఏ వేళనైనను ఫోనుచేసి తెలుగులోనే మాటాడవచ్చును.

అత్తలారా, మీకొక విన్నపము. తెల్లవారుజాము పాలు కుడిచిన పిదప బిడ్డను మీ చేతికి తీసికొని వాకిటికి పొండు. తలుపు దగ్గరగా వేసి, ఆ కోడలిని పొద్దెక్కువరకు పండుకొననిండు. ఆ పూట కల్లాపి ఎవరైనను చల్లవచ్చును.