బొమ్మలో ఉన్నదొకటి, కొండ మీద జరిగిందొకటి

అమెరికాలో బార్ల గోడల మీద ఒక బొమ్మ దశాబ్దాల తరబడి వేలాడింది. ఆన్‌హైజర్-బుష్ బీరు కంపెనీ 1896లో అచ్చువేయించి పంచిపెట్టిన బొమ్మ అది. నేల నిండా శవాలు, చుట్టూ శత్రువులు, మధ్యలో పొడవాటి జుత్తుతో, ఎత్తిన కత్తితో సైనికాధికారి జార్జ్ ఆర్మ్‌స్ట్రాంగ్ కస్టర్. 1876 జూన్ 25న మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర లకోటా, షయాన్ ఆదివాసీ యోధుల చేతిలో ఆయనా, ఆయన వెంట ఉన్న 210 మంది దాకా అశ్విక సైనికులూ చనిపోయారు. కానీ ఆ దండయాత్రకు ముందే కస్టర్ జుత్తు కురచగా కత్తిరించుకున్నాడు. కత్తులను రెజిమెంటు దాదాపు మొత్తంగా దారిలోనే వదిలేసి వచ్చింది.

జుత్తు, కత్తి చిన్న విషయాలే. వాటి వెనక ఉన్న అపోహలు మాత్రం చిన్నవి కావు. భార్య లిబ్బీ 1933 దాకా బతికి, మూడు పుస్తకాలు రాసి, భర్తను వీరుడిగా నిలబెట్టింది. 1970లో వచ్చిన ‘లిటిల్ బిగ్ మ్యాన్’ సినిమా ఆయన్ను పిచ్చివాడిగా చూపించింది. వీరుడన్నా పిచ్చివాడన్నా మనం చూసేది కస్టర్‌నే. ఆ రోజు గెలిచినవాళ్లు రెండు కథల్లోనూ వెనకే ఉండిపోయారు.

అపోహ: పై అధికారి ఆజ్ఞ ధిక్కరించి చచ్చాడు.

జనరల్ టెర్రీ జూన్ 22న రాసిచ్చిన ఉత్తర్వులు ఇప్పటికీ చదవొచ్చు. ఎటు వెళితే మంచిదో ఆయన సూచించాడు. శత్రువు దగ్గరపడ్డాక ఏం చెయ్యాలన్నది మాత్రం కస్టర్ విచక్షణకే వదిలేశాడు. దాన్ని ధిక్కారం అనడం కష్టం.

అపోహ: పేరు కోసం కళ్లు మూసుకుని దూకాడు.

అనుకున్న ప్రకారమైతే 25న దాక్కుని, 26 తెల్లవారుజామున దాడి చెయ్యాలి. రాత్రి నడకలో ఒక కంచరగాడిద మీంచి గట్టి బిస్కెట్ల పెట్టె జారిపోయింది. వెతకడానికి వెనక్కెళ్లిన సైనికులకు, ఆ పెట్టె దగ్గర కొందరు ఆదివాసులు కనిపించారు. తమ రాక శత్రువుకు తెలిసిపోయిందనుకున్నాడు కస్టర్. అప్పుడు సైన్యం మొత్తానికీ ఉన్న భయం ఓడిపోతామని కాదు, లకోటా, షయాన్‌ల ఊరు చెల్లాచెదురై తప్పించుకుంటుందని. ఆ భయంతోనే మధ్యాహ్నం పూట, బలగాన్ని ముక్కలుగా విడగొట్టి కదిలాడు. అది తప్పుడు అంచనా, సందేహం లేదు. కానీ పిచ్చి కాదు.

అసలు నిలదీయాల్సింది ఇక్కడ. ఆ పద్ధతి ఆయన ఎక్కడ నేర్చుకున్నాడు? 1868 నవంబర్ 27న, నేలంతా మంచు పరుచుకున్న తెల్లవారుజామున, వాషిటా నది ఒడ్డున. శాంతి కోరుతూ తిరిగిన షయాన్ పెద్ద బ్లాక్ కెటిల్‌నూ, ఆయన భార్యనూ అక్కడే చంపారు. 53 మంది ఆడవాళ్లనూ పిల్లలనూ పట్టుకున్నారు. నది దిగువనున్న ఊళ్ల యోధులు గుమిగూడుతున్నా కస్టర్ క్షేమంగా బయటపడ్డాడంటే, ఆ బందీలు తన వెంట ఉండటం వల్ల కూడా. నిద్రపోతున్న ఊరి మీద పడు, ఆడవాళ్లనూ పిల్లలనూ పట్టుకో, మగవాళ్లు లొంగుతారు: ఇదీ పాఠం. లిటిల్ బిగ్‌హార్న్‌లోనూ ఆయన నది వెంట ఉత్తరానికి సాగింది, పారిపోతున్న కుటుంబాలను పట్టుకోవడానికేనని పలువురు చరిత్రకారుల అంచనా. నా దృష్టిలో కస్టర్ మీద మోపాల్సిన నేరం పొగరు కాదు, ఇది. అదీ ఆయన ఒక్కడిది కాదు. 1868 ఒప్పందంలో లకోటాలకు రాసిచ్చిన బ్లాక్ హిల్స్‌లో 1874లో బంగారం కనబడింది. దాన్ని వెతికిన యాత్రకు నాయకుడూ కస్టరే. 1876 జనవరి 31లోగా ఆదివాసులకు కేటాయించిన రిజర్వేషన్ భూములకు రాకపోతే సైన్యాన్ని పంపుతామన్నది మాత్రం ప్రభుత్వం. అంతా ఒక్కడి పిచ్చి మీదికి నెట్టేస్తే ఆ ప్రభుత్వం తప్పించుకుంటుంది.

అపోహ: ఆఖరి మనిషి దాకా వలయంగా నిలబడి పోరాడారు.

1983లో ఆ కొండల మీద గడ్డి తగలబడింది. మరుసటి ఏడాది పురావస్తు పరిశోధకులు మెటల్ డిటెక్టర్లతో వరసలు కట్టి నడిచారు. దొరికిన ప్రతి తూటా తొడుగు దగ్గరా చిన్న జెండా పాతారు. తుపాకి లోపలి సూది తొడుగు అడుగున కొట్టిన గుర్తు ఏ రెండు తుపాకుల్లోనూ ఒకేలా ఉండదు. సూక్ష్మదర్శిని కింద వాటిని పోల్చి, ఏ తుపాకి ఎక్కణ్ణుంచి ఎక్కడికి కదిలిందో గీశారు. చివరి పోరాటం జరిగిందనే కొండ మీద సైన్యం తూటాల తొడుగులు తక్కువే. ఒక్కో తూటా నింపుకోవాల్సిన కార్బైన్లున్న సైనికులు, వరసగా పేల్చగల హెన్రీ, వించెస్టర్ తుపాకుల ముందు కట్టు తప్పి చెదిరిపోయారని పరిశోధకుల్లో రిచర్డ్ ఫాక్స్ తేల్చాడు.

అపోహ: జరిగింది చెప్పడానికి ఒక్కరూ మిగల్లేదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. చూసినవాళ్లు వందల్లో మిగిలారు. రెడ్ హార్స్ అనే లకోటా యోధుడు ఆ యుద్ధాన్ని బొమ్మలుగా గీసిచ్చాడు. వుడెన్ లెగ్ అనే షయాన్ యోధుడు తన కథంతా చెప్పుకున్నాడు. కేట్ బిగ్‌హెడ్ అనే షయాన్ ఆడమనిషి గుర్రం మీద తిరుగుతూ చూసింది చూసినట్టు చెప్పింది. సైనికులు బెదిరిపోయారని వీళ్లు చెబితే చాలామంది నమ్మలేదు. తొడుగులు దొరికాక గానీ ఆ మాటల విలువ తెలిసిరాలేదు.

ఆ చోటు పేరులోంచి 1991లో కస్టర్‌ను తీసేసి, లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమి అన్నారు. సైనికులు పడ్డచోట తెల్లరాళ్లు 1890లోనే వెలిశాయి. షయాన్ యోధుడు లేమ్ వైట్ మ్యాన్ పడ్డచోట ఎర్ర రాయి పెట్టింది 1999లో.