‘సైకో’ కోసం చూస్తుంటే పక్కవాడు తప్పించుకుంటాడు

అనంతపురం పల్లెల్లో వరసగా రెండు హత్యలు జరిగితే చాలు, ‘సైకో తిరుగుతున్నాడంట’ అని ఫోన్లు మోగుతాయి. 2018 మేలో ‘దోపిడీలు చేసే పార్థీ గ్యాంగు దిగింది’ అన్న వాట్సాప్ పుకార్లకు తెలుగు నేలమీద దెబ్బలు తిన్నది ఎవరు? బిచ్చగాళ్లు, మతిస్థిమితం లేనివాళ్లు, ఊరికి కొత్తవాళ్లు.

అపోహ: వరస హత్యలు చేసేది పిచ్చివాడు.

వాస్తవం: 1960లలో ముంబయిని వణికించిన రామన్ రాఘవ్‌కు స్కిజోఫ్రీనియా ఉందని వైద్యులు తేల్చిన మాట నిజమే. అలాంటివాళ్లు అరుదు. మన దగ్గర బయటపడ్డ కేసులు చూడండి. 2019 నవంబరులో ఏలూరు పోలీసులు పట్టుకున్న మనిషి మీద అభియోగం, ఇరవై నెలల్లో పదిమందిని చంపాడని. బియ్యం గింజల్ని లాగే మహిమ ఉందనే ‘రైస్ పుల్లింగ్’ నాణెం, గుప్తనిధి అంటూ ఆశపెట్టి, ప్రసాదంలో సైనైడ్ కలిపి ఇచ్చి, డబ్బూ బంగారంతో ఉడాయించేవాడట. చాలా కుటుంబాలు గుండెపోటనుకుని అంత్యక్రియలు చేసేశాయి. 2023 డిసెంబరులో నాగర్‌కర్నూలులో అరెస్టయిన వ్యక్తి పదకొండు మందిని చంపాడని పోలీసులు చెప్పారు. అక్కడా ఎర గుప్తనిధే. పాత గుడి కనబడితే గునపాలు తీసే మన సీమలో ఈ ఎరకు గిరాకీ ఎంతో వేరే చెప్పాలా? ఇందులో పిచ్చి ఏముంది? లెక్క ఉంది.

అపోహ: ఆడవాళ్లు ఇలాంటివి చేయరు.

వాస్తవం: మనకు కూతవేటు దూరంలోని బెంగళూరులో కెంపమ్మ అనే మహిళ 1999–2007 మధ్య ఆరుగురు మహిళలను సైనైడ్‌తో చంపిందని పోలీసులు చెప్పారు. గుళ్లలో కష్టాలు చెప్పుకునేవాళ్లను పరిచయం చేసుకుని, పూజ చేయిస్తానని, నగలన్నీ పెట్టుకుని రమ్మనేది.

అపోహ: ఎక్కువమంది చనిపోతే అది సీరియల్ హత్యే.

వాస్తవం: 2019 జులైలో తనకల్లు మండలం కొర్తికోట శివాలయంలో ముగ్గురు ఒకే రాత్రి హతమయ్యారు. అది సామూహిక హత్య. ఒకరే, లేదా ఒకే ముఠా, వేర్వేరు సమయాల్లో ఇద్దరినో అంతకంటే ఎక్కువమందినో చంపితే సీరియల్ హత్య అని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2005లో పిలిచిన నిపుణుల సదస్సు నిర్వచించింది. మన ఫ్యాక్షన్ హత్యలను మాత్రం మామూలుగా ఈ లెక్కలో వేయరు. అక్కడ ఎవరు ఎవరిని ఎందుకు చంపారో ఊరందరికీ తెలుసు.

అపోహ: కరువే మనుషుల్ని ఇలా మారుస్తుంది.

వాస్తవం: కరువు అనంత రైతును అప్పుల్లోకి, ఆత్మహత్యకు, బెంగళూరు వలసకు తోసింది. ఒకే కుటుంబంలో పద్నాలుగేళ్లలో ఆరు హత్యలు జరిగాయన్న అభియోగం ఉన్న కూడత్తాయి మాత్రం వానలకు కొదవలేని కేరళలో ఉంది. బాల్యంలో హింస, జాలి లేని స్వభావం, డబ్బాశ, అవకాశం ఇవన్నీ ఒక్కో కేసులో ఒక్కో పాళ్లలో కలుస్తాయి. ఏ ఒక్కటీ చాలదన్నది ఆ ఎఫ్‌బీఐ సదస్సు మాట కూడా.

అపోహ: ఎక్కడ చూసినా సీరియల్ హత్యలే.

వాస్తవం: మొత్తం హత్యల్లో ఇవి ఒక శాతం లోపేనని ఎఫ్‌బీఐ అంచనా. మన జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో నమోదైన 28,522 హత్య కేసుల్లో 9,962 తగాదాల వల్ల జరిగినవే.

కాబట్టి ఊరికి కొత్తగా వచ్చిన బిచ్చగాణ్ణి వదిలేయండి. ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా చనిపోయి, ఒంటిమీద నగో బీరువాలో డబ్బో మాయమైతే, అంత్యక్రియలు ఆపి పోలీసులకు చెప్పండి. పోస్టుమార్టం చేయమని అడగండి.