కొండ మీద దర్గాకు మొక్కు, కింద సమాధులకు దిక్కేదీ?

హైదరాబాద్‌లోని మౌలాలీ గుట్టకు మెట్లు నాలుగు వందల పైచిలుకు. రజబ్ నెల జాతరలో మోకాళ్లు పట్టేసిన ముసలమ్మలు కూడా పది మెట్లకోసారి కూలబడుతూ, మౌలా అలీని తలచుకుంటూ ఎక్కేస్తారు. వాళ్లలో హిందువులూ ఉంటారు. 1578లో గోల్కొండ కొలువులోని యాకూత్ అనే ఖోజాకు హజ్రత్ అలీ ఈ కొండ మీద ఉన్నట్టు కల వచ్చిందనీ, తెల్లారి వెళ్లి చూస్తే బండ మీద అరచేతి ముద్ర కనిపించిందనీ ఐతిహ్యం. అప్పటినుంచీ పైనున్న దర్గాకు మొక్కులకు లోటు లేదు. కష్టమంతా కిందనే.

ఈ చుట్టుపక్కల నేల ఇనుప యుగం నాటి శ్మశానం. నాలుగు బండపలకలు పెట్టెలా నిలబెట్టి, శవంతోపాటు కుండలూ ఇనుప పనిముట్లూ ఉంచి, పైన రాళ్లు పేర్చేవారు. మన పల్లెల్లో రాక్షసగుళ్లంటారే, అవే. నిజాం పురావస్తు శాఖ 1930లలోనే ఇక్కడ తవ్వి చూసింది. ఇప్పుడు ఆ రాతి వలయాల కోసం వెతికితే కాలనీలు ఎదురవుతాయి. రెండు వేల ఏళ్ల కిందటి మృతులకు పట్టా ఎవరిస్తారు, కోర్టుకు ఎవరెళ్తారు!

పేరున్నవాళ్లకూ ఈ గతి తప్పలేదు. ఉర్దూ గజళ్ల దివాన్ (సంకలనం) కూర్చిన తొలి మహిళల్లో ఒకరు మహ్ లఖా బాయి చందా. నిజాం అలీ ఖాన్ కొలువులో జాగీరు పొందిన మనిషి. తల్లి రాజ్ కున్వర్ కోసం 1792లో గుట్ట పాదాన సమాధి, తోట కట్టించింది. 1824లో తానూ అక్కడే ఒరిగింది. ఏళ్ల తరబడి పాడుబడిన ఆ ఆవరణకు 2010 తర్వాత అమెరికా ప్రభుత్వ సాయంతో మరమ్మతులు జరిగాయి. మన కవయిత్రి సమాధి గోడకు సున్నం వేయడానికి సముద్రాల అవతలి డబ్బు రావాల్సి వచ్చిందంటే నాకైతే సిగ్గే అనిపిస్తుంది.

సమాధులకే కాదు, గుట్టకూ భద్రత లేదు. దీని బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అంతటి రాయి కంకర కావడానికి ఒక్క పేలుడు చాలు. నగర వారసత్వ శిలల జాబితాలో మౌలాలీ గుట్ట ఉండేది. ఆ జాబితాకు ఊతమైన, నగరాభివృద్ధి నియమాల్లోని 13వ నిబంధనను 2015లో తీసేశారు. 2017లో వారసత్వ చట్టం తెచ్చారు. చట్టం వచ్చింది సరే, ముందు గుట్ట చుట్టూ హద్దు కొలిచి రాళ్లు పాతించండి. ఆ హద్దులో దర్గా ఒక్కటే కాదు, కింద మిగిలిన సమాధులన్నీ ఉండాలి.